నిండుకున్న బియ్యం, సున్నా మార్కులు

కరోనా సెలవులు ముగిసి బడులు మామూలుగా తెరిచిన ఏడాది జూన్‌లో, నార్సింగి దగ్గరి ఒక ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లిష్ విభాగాధిపతిగా చేరాను. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి ఉద్యోగం. గుంటూరు వైపు మిషన్ బడిలో చదువుకుని, పెళ్లయ్యాక హైదరాబాదు వచ్చి, పిల్లలకు ఇంగ్లిష్ చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకున్నదాన్ని. మంచి ఉద్యోగమే అనుకున్నాను. అక్కడ ఏడాది చివర జరిగిన ఒక సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ బడిలో ఎనిమిదో తరగతి చివర ఒక వడపోత ఉండేది. ఇంగ్లిష్‌లో మార్కుల గీత దాటినవాళ్లు తొమ్మిదిలో ‘లిటరేచర్’ సెక్షన్‌కు వెళ్తారు. వాళ్లకు కథలు, కవితలు, నాటకాలు. దాటనివాళ్లకు ‘ఫౌండేషన్’. అందులో ఈమెయిల్ రాయడం, దరఖాస్తు నింపడం తప్ప మరొకటి ఉండదు. ఫెయిల్ అనే మాట ఆ ఆవరణలో ఎవరూ నోటితో అనకూడదు. అది యాజమాన్యం నియమం.

వడపోత పరీక్షలో పెద్ద భాగం లిటరరీ టర్మ్స్. అంటే సాహిత్యం గురించి మాట్లాడుకోవడానికి వాడే పేర్లు: సిమిలీ, మెటఫర్, ఐరనీ వగైరా. ఒక్కో పదానికి నిర్వచనం రాసి, సొంత ఉదాహరణ ఇవ్వాలి. ‘సొంత’ అని ప్రశ్నపత్రంలోనే ఉంది. కానీ దిద్దేవాళ్లకు ఇచ్చే ‘కీ’లో, అంటే జవాబుల నమూనాలో, ఆ సొంత ఉదాహరణలు కూడా ముందే అచ్చయి ఉంటాయి! పిల్లలు కీలో ఉన్నవాటినే బట్టీ పట్టి సొంతంగా రాయాలన్నమాట. ఇంతకంటే విడ్డూరం ఎక్కడైనా ఉందా?

దిద్దిన పేపర్లలో కొన్నింటిని విభాగాధిపతి మళ్లీ చదివి, మార్కులు న్యాయంగా పడ్డాయో లేదో చూడటాన్ని మోడరేషన్ అంటారు. అలా చూస్తుండగా మౌనిక పేపరు చేతికొచ్చింది. పుప్పాలగూడ పాత కుటుంబం పిల్ల. వాళ్ల ఇంట్లో ఇంగ్లిష్ చదవగలిగింది తనొక్కతే. కథల పుస్తకం దొరికితే అన్నం సంగతి మరిచిపోయే రకం. లిటరేచర్ సెక్షన్ కోసం ఏడాదంతా ఎదురుచూసింది.

ప్రశ్న యూఫెమిజం గురించి. చేదు మాటను నేరుగా అనకుండా మెత్తగా, మంచిగా చెప్పడం అని నిర్వచనం సరిగ్గా రాసింది. ఉదాహరణగా, ఇంట్లో బియ్యం అయిపోతే వాళ్ల నాయనమ్మ ఆ మాట అననివ్వదనీ, ‘బియ్యం నిండుకున్నయి’ అనాలంటుందనీ, లేదనే మాట ఇంట్లో వినపడకూడదనీ రాసింది. ‘ద రైస్ హాజ్ బికమ్ ఫుల్’ అని ఇంగ్లిష్‌లో పెట్టి, దాని అర్థం కూడా వివరించింది. నేను ఇన్నేళ్లు పాఠం చెప్పినా నాకు తట్టని ఉదాహరణ అది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి, పక్కన ‘ఎమ్.టి.ఐ.’ అని రాసి, సున్నా వేశారు.

ఎమ్.టి.ఐ. అంటే మాతృభాష ప్రభావం. కాల్‌సెంటర్లలో యాస దిద్దేవాళ్లు వాడే మాట. అది మా బడిలోకి దూరి ఒక తప్పుకు పేరుగా స్థిరపడింది. అమ్మ భాష అంటుకుంటే జబ్బు కింద లెక్క.

నేను సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాను. దాంతో పిల్ల గీత దాటుతుంది. అయితే మార్పును అకడమిక్ కోఆర్డినేటర్ ఒప్పుకోవాలి. ఆయన హోదాలో నాకు ఒక మెట్టు పైన, వయసులో నా కొడుకంత. కాకినాడవాడు. “కీలో లేదండి మేడమ్ గారూ” అన్నాడు. మీ ఇంట్లో బియ్యం నిండుకుంటే మీ అమ్మగారు ఏమంటారు నాయనా అని అడిగాను. “ఏమీ అనరండి, ఫోన్‌లో ఆర్డర్ పెట్టేస్తారండి” అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సెక్షన్ల జాబితా మీద నా సంతకం పడితే తప్ప అది ఖరారు కాదు. నేను సంతకం పెట్టలేదు. ఆ పెద్దమనిషి దాని కోసం ఆగకుండా ఇళ్లకు మెసేజీలు పంపించేశాడు.

మర్నాడు మౌనిక వాళ్లమ్మ మిఠాయి డబ్బాతో స్టాఫ్‌రూమ్‌కు వచ్చింది. “మా పిల్ల సెలెక్ట్ అయిందంట గద మేడం! తీసుకోన్రి, జర నోరు తీపి చేసుకోన్రి” అంది. ఎవరు చెప్పారమ్మా అన్నాను. మెసేజ్ చూపించింది. మీ అమ్మాయి ఫౌండేషన్ సెక్షన్‌కు ఎంపికైనందుకు అభినందనలు అని ఉంది. పిల్ల బడికి వచ్చేశాక ఎవరితోనో చదివించుకుందట. ఆ పొద్దున వాడలో అందరికీ మిఠాయి పంచి వచ్చిందట.

తల్లినీ, తరగతిలోంచి పిలిపించిన పిల్లనూ వెంటబెట్టుకుని కోఆర్డినేటర్ గదికి వెళ్లాను. ఈ మాటకు అర్థం మీరే చెప్పండి అన్నాను. ఆయన గొంతు సవరించుకుని సపోర్ట్, పేస్ అంటూ ఏవో మొదలుపెట్టాడు. తల్లి అయోమయంగా కూతురి వైపు తిరిగి “ఏందే, ఏమంటుండు సారు?” అంది.

మౌనిక తల ఎత్తలేదు. “అది మంచి మాట కాదమ్మా. దీపం ఆరితే కొండెక్కింది అంటం సూడు... గట్ల రాసిన్రు” అంది.

తల్లి మిఠాయి డబ్బా మూత మెల్లగా మూసింది.

అడగకుండానే పిల్ల రెండో ఉదాహరణ ఇచ్చింది, ఇప్పుడైనా మార్కు వేస్తారా అన్నాను. ఇది రాత పరీక్ష కదండీ, నోటితో చెప్పినదానికి మార్కులుండవండి అన్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. అయితే తరగతి మొత్తం జాబితా మీద నా సంతకం ఉండదు అని చెప్పి వచ్చేశాను.

జాబితా నిలిచిపోయింది. పుస్తకాల పంపిణీ ఆగింది. ఐటీ టవర్లలో పనిచేసే తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాక మౌనిక పేరు లిటరేచర్ కింద చేర్చి నా బల్ల మీదికి పంపారు. పేరు పక్కన కారణం గడిలో ‘మానవతా దృక్పథంతో’ అని ఉంది.

అది కొట్టేసి ‘జవాబు సరైనది’ అని రాసి, అప్పుడు సంతకం పెట్టాను.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇదీ. సొంత ఉదాహరణ అడిగినప్పుడు దిద్దేవాడికి కీ పనికిరాదు, అర్థం కాకపోతే రాసిన పిల్లనే పిలిచి అడగాలి. సరైన జవాబుకు ఇచ్చే మార్కు ఆ పిల్ల హక్కు. దానికి దయ అని పేరు పెట్టినా అవమానమే.