సొరపుట్టు సాక్ష్యం

కాన్పయ్యాక భవానీపురంలో మా పుట్టింటికి వచ్చాను. మా ఆయనా సెలవు పెట్టి వెంట వచ్చారు. సొరచేపను ఉడికించి పొడిపొడిగా వేయించిన సొరపుట్టు తింటేనే బాలింతకు పాలు పడతాయని అమ్మ నమ్మకం. బైబిల్లో ఏ వాక్యం మీదైనా ఆవిడతో వాదించొచ్చు గానీ, సొరపుట్టు మీద కుదరదు. మూడు పూటలా వెల్లుల్లి దట్టించి అదే పెట్టింది. రెండో రోజుకే ఆ వాసన నాకు మొహం మొత్తింది. అప్పట్నుంచి అమ్మ అటు తిరగ్గానే పళ్లెం మా ఆయన ముందుకు తోసేదాన్ని. ఆయన ఒక్కసారీ వద్దనలేదు.

పిల్ల మాత్రం గంటకోసారి నన్ను పీల్చి పిప్పి చేసింది. వారం తిరక్కుండా దానికి తాగినన్ని పాలు పడ్డాయి. చూడవచ్చిన చర్చి ఆడవాళ్లందరి ముందూ అమ్మ సాక్ష్యం చెప్పింది.

"అంతా సొరపుట్టేనండీ. ఇంకేం కాదు."

"నిజమే అత్తయ్యగారూ, బాగా పనిచేసింది," అన్నారు మా ఆయన, బిగుసుకుపోయిన ప్యాంటు గుండీ వదులు చేసుకుంటూ.