పిన్ని ఏడ్చిన బొమ్మల సినిమా

బొమ్మల సినిమా చూసి ఏడ్చే పెద్దవాళ్లను ఎగతాళి చేయని హేతువాది మీలో ఎవరైనా ఉన్నారా? నేను మాత్రం కాదు.

మా పిన్ని పలాసలో జీడిగింజలు కొట్టే పని చేస్తుంది. జీడి నూనె అంటిన వేళ్లు తగిలితే కళ్లు మండిపోతాయి కాబట్టి, సెలవు రోజున కూడా మోచేతి వంపుతోనే కళ్లు తుడుచుకుంటుంది. ఆమె టీవీలో ఒక జపాను బొమ్మల సీరియల్ వదలకుండా చూసింది. దాని తరువాయి కథ సినిమాగా వస్తే నన్ను తోడు తీసుకెళ్లింది. సీరియల్‌లో అందరినీ నవ్వించిన అన్న పాత్ర సినిమాలో చనిపోయింది. పిన్ని మోచెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"గీసిన బొమ్మ సచ్చిపోతే ఏడుపేటి పిన్నీ?" అని వెనక వరసకు వినిపించేలా నవ్వాను.

"బొమ్మని నాకు తెల్దేటి నాయనా? మీ సిన్నాన్న పోయిన రోజున పాస్టరుగారు, పరలోకానికెల్లినోడి కోసం ఏడవకమ్మా అన్నారు. నువ్వేమో సావు సహజం, ఏడిత్తే తిరిగొత్తాడేటి అన్నావు. మరి నానెక్కడ ఏడవాల? ఇక్కడైతే సీకటి. నోరు మూసుకోని సూడు."

కిడ్నీ జబ్బుతో పోయిన చిన్నాన్న శవం పక్కన నేనా మాట అన్నది నిజం. ఆమె ఏడవకపోవడం నా వాదానికి గెలుపని సభల్లో గొప్పగా చెప్పాను కూడా. ఏ మతాన్ని ఖండిస్తూ ఊళ్లు తిరిగానో, దానితోనే చేయి కలిపి ఒక మనిషి నోరు నొక్కాను. సిగ్గుతో రాస్తున్నాను.

మీరు ఏడవొద్దని ఆపిన మనిషి ఎవరైనా ఉంటే ఈరోజే వెళ్లండి. పక్కన కూర్చోండి. ఏమీ బోధించకుండా ఏడవనివ్వండి.