కంప్యూటర్లో కంది సాళ్లు

మా బావ కాలు సరిగ్గా విత్తనాలు వేసే వారంలోనే విరిగింది. కల్హేర్ అంగడి నుంచి బండి మీద వస్తుంటే బర్రె అడ్డం వచ్చింది. బర్రెకేం కాలేదు. బావ కుడికాలికి మాత్రం సిమెంటు పట్టీ పడింది. దవాఖాన దగ్గరుంటుందని అక్క ఆయన్ను నారాయణఖేడ్‌లోని మా ఇంటికి తీసుకొచ్చింది. రెండు రోజులు గోడలు చూసి విసిగిపోయి, మూడోరోజు నా గదిలోకొచ్చి కూర్చున్నాడు.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతుకుతాను. బతుకుతెరువు కాని పని కూడా ఒకటుంది. కంప్యూటర్లో ఆటలాడి, ఆ ఆటను రికార్డు చేసి నెట్‌లో పెడతాను. చూసేవాళ్లు తక్కువే అయినా బొమ్మ మాత్రం అద్దంలా ఉండాలని నా పట్టుదల. పెళ్లి వీడియోల కోసమేనని ఇంట్లో నమ్మించి కొత్త గ్రాఫిక్స్ కార్డు కూడా తెచ్చుకున్నాను.

ఆ రోజు నేనాడుతున్నది వ్యవసాయం ఆట. ట్రాక్టర్ తోలాలి, దున్నాలి, విత్తాలి. బావ కాసేపు ఓపిక పట్టాడు.

"ఏంది బామ్మర్ది గట్ల తోల్తున్నవ్? సాలు వంకర పోతుంది. జరుగు ఇగ."

జరిగాను. అంతే, ఆ కుర్చీ మళ్లీ నాకు దక్కలేదు. కుడి ఎడమ బాణాల మీటల్ని నేను టపాటపా కొడతాను. ఆయన ఎడ్ల పగ్గం గుంజినట్టు మెల్లగా తాకేవాడు. నాలుగు రోజుల్లో ఆయన సాలు పక్కన నా సాలు పెట్టి చూస్తే నాకే సిగ్గేసింది.

మనూర్ దగ్గర వాళ్ల ఊళ్లో బావకు పేరొచ్చిందే సాళ్లతో. చేను రోడ్డు పక్కనే. బస్సులో పోయేవాళ్లు కిటికీలోంచి చూసి "గీ కంది ఎవరేసిండ్రు?" అనడిగేవాళ్లట. ఈ మాట నాకు చెప్పింది కూడా బావే, కనీసం ఇరవైసార్లు. ఈ ఏడు ఆ చేను ఆయన తమ్ముడు, మా చిన్నబావ, విత్తాడు. మొలకలు పైకి రాగానే బావకు ఎగతాళి ఫోన్లు మొదలయ్యాయి. "ఏందే, ఈసారి సాళ్లు పాము తీర్గ పోయినయ్? చెయ్యి సల్లబడ్డదా?" బావ నవ్వుతూనే మాట్లాడేవాడు. ఆ పూట మాత్రం అన్నం సగం వదిలేసేవాడు.

"ఇరిగింది కాలు. చెయ్యి కాదు. మా ఊరోళ్లకు గది సూపియ్యాలె. నువ్వు వీడియో తియ్యి" అన్నాడు ఒకరోజు.

తీశాను. ఎప్పుడూ వాడే పాత కోడెక్‌తోనే, ఫోన్లలో పట్టేలా చిన్న సైజులో తీశాను. కోడెక్ అంటే పెద్ద వీడియోను చిన్న ఫైల్‌లో కుక్కే పద్ధతి. బావ ముప్పై ఎకరాలు తాడు పట్టి గీసినట్టు దున్నాడు. వేసి చూస్తే ట్రాక్టర్ కదిలినప్పుడల్లా మట్టి, గడ్డి, సాళ్లు అన్నీ కలిసిపోయి మసకమసకగా కనిపిస్తున్నాయి.

"నేను సక్కగ దున్నితే నీ డబ్బా అంబలి కాసిందేందిరా?" అని బావ కోప్పడ్డాడు.

తప్పు డబ్బాది కాదు. కదిలే గడ్డి, మన్నుగడ్డలు కోడెక్‌లకు పరమ శత్రువులు. స్పష్టంగా రావాలంటే పాత పద్ధతిలో ఫైల్ కొండంతవుతుంది, ఫోన్లో పట్టదు. ఏవీ వన్ అనే కొత్త కోడెక్‌లో అంతే సైజులో మన్నుగడ్డ మన్నుగడ్డలా ఉంటుంది. నా కొత్త కార్డు ఆ పని చేయగలదు. కార్డు తెచ్చిన పుణ్యం ఇన్నాళ్లకు బయటపడిందని లోలోపల సంబరపడ్డాను.

మరునాడు రికార్డింగ్ ఆన్ చేసి, బావను కూర్చోబెట్టి, పనుండి బస్టాండుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా చడీచప్పుడు లేదు. ఫ్యాను లేదు, లైటు లేదు. బావ చెమటలు కక్కుతూ కూర్చున్నాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

"దున్నుడైంది, ఇత్తుడైంది. మెయిన్ గూడ బందు జేసిన. గా బ్యాటరీ డబ్బా కుయ్ కుయ్ అని మొత్తుకుంటుంటే దాని నోరు గూడ మూసిన."

ముప్పై ఏళ్లుగా బోరు మోటరు నడిపిన మనిషి. పనైపోయాక మెయిన్ దించకుండా పొలం నుంచి కదలడు. కరెంటు పోయినా కంప్యూటర్‌ను కాసేపు నడిపే యూపీఎస్‌ను కూడా కట్టేసి, కంప్యూటర్‌కూ అదే మర్యాద చేశాడు. ఆయన మెయిన్ దించేసరికి రికార్డింగ్ ఇంకా నడుస్తూనే ఉంది. నేను పెట్టిన ఎంపీ ఫోర్ రకం ఫైల్, రికార్డింగ్ ఆపినప్పుడే పూర్తవుతుంది. మధ్యలో కరెంటు పోతే ఇక తెరుచుకోదు. గంటన్నర పని మట్టిలో కలిసింది. నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోయి ఆయన మొహం చూశాను. నా వాలకం చూసే విషయం అర్థమైపోయింది ఆయనకు. పట్టీ వేసిన కాలు వైపు చూస్తూ కూర్చున్నాడు. కోపం పోయి జాలేసింది.

"తప్పు నీదే. మెయిన్ బందు జెయ్యొద్దని జెప్పినవా?" అని అక్క నన్నే తిట్టింది.

చెప్పలేదు నిజమే. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి ఆ మాట చెప్పాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? ఈసారి ఫైల్ రకం ఎంకేవీకి మార్చాను. అది కరెంటు పోయినా అప్పటిదాకా తీసింది దాచిపెడుతుంది. బావ మళ్లీ మొదటి సాలు నుంచి దున్నాడు. ఆ గంటన్నర నేను గదిలోంచి కదల్లేదు. వీడియో అద్దంలా వచ్చింది. సాలు సాలుకీ మధ్య గడ్డిపరకలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

పట్టీ తీసేశాక, చంకకర్రతో బావను ఆటోలో వాళ్ల ఊరికి తీసుకెళ్లాను. కిరాణా దుకాణం అరుగు మీద పదిమంది చేరారు. వాళ్ల పాత ఫోన్లకు కొత్త కోడెక్ తెలియదు, వీడియో పంపితే బొమ్మ రాలేదు, చప్పుడే వచ్చింది. దాంతో అందరూ నా ఫోన్ చుట్టూ మూగారు. సాళ్లు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటుంటే తలలన్నీ ఫోన్ మీదికి వంగాయి.

చిన్నబావ అరుగు చివర టీ గ్లాసుతో నిలబడ్డాడు. తాగట్లేదు.

"సూస్తున్నవా? సాలంటే గిది. మీ అన్న కాడ నేర్సుకోరాదు?" అన్నాడొకాయన. అందరూ నవ్వారు.

బావ నవ్వలేదు. నా చేతిలోంచి ఫోన్ తీసుకొని వీడియో ఆపేశాడు.

"గిండ్ల నా పనితనమేమున్నది? అండ్ల ఒక మీట ఉంటది. ఒత్తితే ట్రాక్టర్ దానంతట అదే సక్కగ పోతది. నేను ఉత్తగ కూసున్న. మా తమ్ముడు వానల, రాళ్ల చేన్ల ఒక్కడే ఇత్తిండు. అడుగుండ్రి, మా బామ్మర్దికెరుకే."

పదిమందీ నావైపు తిరిగారు. మా ఆటలో అలాంటి మీటేదీ లేదు. గంటన్నర ఊపిరి బిగబట్టి ఆయన వేళ్లు కదిలించడం నేను కళ్లారా చూశాను. ఆ సాళ్లు చెదరకుండా నిలపడానికి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. నిజం నోటిదాకా వచ్చింది, గట్టిగా అరిచి చెప్పాలనిపించింది.

"అవు, మీటుంటది" అన్నాను. "మొత్తం కంప్యూటరే దున్నింది."

చిన్నబావ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. అరుగుకు ఆనించిన చంకకర్ర తీసి అన్న చేతికిచ్చాడు.

"పా అన్నా, చేను సూద్దువు గని."