టైరును పేల్చింది నా చెయ్యి కాదు

మాది సికింద్రాబాద్ తిరుమలగిరి. నీళ్ల ట్యాంకర్ మీద బతికే ఇల్లు. నేను హెవీ లైసెన్సు తెచ్చుకున్న కొత్తలో జరిగిందిది. ఆ పొద్దున వంగి చూస్తే, వెనక జోడు టైర్లలో లోపలివైపుది మెత్తబడినట్టు అనిపించింది. గాలి పట్టే షాపు ముందు బండి ఆపాను. పైపు తగిలించి పక్కకు తిరిగానో లేదో, బాంబు పేలినట్టు శబ్దం! టైరు పక్కభాగం జానెడు పొడవున చీలిపోయింది. నేను బురదలో బోర్లా పడ్డాను.

నాకు లైసెన్సు వచ్చేదాకా ఆ బండి నడిపిన మా బావగారు, ఆ రోజు నా పక్క సీట్లో వచ్చినాయన, దిగి పరుగెత్తుకొచ్చి, నన్ను లేపకముందే అందరి ముందూ అనేశారు: "ఆడోళ్ల చెయ్యి వడితే గిట్లనే అయితది. నేను ముందే చెప్పిన."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. "నా చెయ్యి సంగతి తర్వాత బావా, ముందు టైరు విప్పించుండ్రి" అన్నాను.

విప్పారు. లోపల చుట్టూ రబ్బరు నలిగి పొడిలా రాలింది. ఇనుప తీగలు తెగి ఉన్నాయి. చాలినంత గాలి లేకుండా ఎన్నాళ్లో నలిగిన టైరది. పక్క టైరు బరువు మోస్తుంటే ఎవరికీ తెలియలేదు. గాలి ఎక్కగానే బలహీనపడ్డ చోట చీలింది.

"రోజూ రాడ్డుతోని కొట్టి గాలి చూస్తరు గద బావా, లోపలి టైరు సుత కొట్టిండ్రా?"

"బయటిదొక్కటే..." అని ఆగిపోయారాయన.

ఇప్పుడు ట్యాంకర్ నేనే నడుపుతున్నాను. రోజూ జోడు టైర్లు రెండింటినీ కొట్టి చూశాకే తాళం తిప్పుతాను. బావగారు గుమ్మంలో ఉంటే మాత్రం, కాస్త గట్టిగానే కొడతాను.