వదిన దర్జీ, మరిది సమ్మెట

బాయిలర్ గదికీ ఇస్త్రీ హాలుకీ మధ్య గోడలో, ఆవిరి పైపు దూరడానికి కొట్టిన కన్నం ఒకటుంది. పైపు సన్నం, కన్నం పెద్దది. ఆ మిగిలిన ఖాళీలోంచి ఏళ్ల తరబడి రెండు గొంతులు రాకపోకలు సాగించాయి.

ఇవతలి గొంతు వదినది. ఆస్పత్రి దుప్పట్లూ హోటల్ బల్లగుడ్డలూ ఇస్త్రీ చేసే మనిషి. అవతలి గొంతు బాయిలర్ చూసుకునే ఆమె మరిదిది. అతను పిలవగా విని విని లాండ్రీ మొత్తానికి ఆమె వదినే అయిపోయింది. ఆఖరికి యజమాని కూడా గుమ్మంలో నిలబడి, "ఆస్పత్రి మూటలొచ్చాయి వదినా" అంటాడు.

వదినా మరుదుల మధ్య ఒకటే తగవు. వెల్టర్‌వెయిట్‌లో, అంటే అరవై ఏడు కిలోలు నిండకూడని బాక్సర్లలో, మొనగాడెవడు? వదిన పక్షం దర్జీ. ఎడమచేతి వాటం, పుల్లలాంటి మనిషి. కుట్టు మీద కుట్టు వేసినట్టు దగ్గర దగ్గరగా గుద్దుతాడని పత్రికలవాళ్లు పెట్టిన పేరది. మరిది పక్షం సమ్మెట. పది తిని ఒకటి కొడతాడు. ఆ ఒకటీ చాలు.

"మీ దర్జీ గుద్దుతాడా, గిలిగింతలు పెడతాడా వదినా?"

"ఆ గిలిగింతలకే ఎంతమంది బోర్లా పడ్డారో లెక్కేసుకో. మీ సమ్మెట చెయ్యెత్తేలోపు అవతలివాడు ఇంటికెళ్లి స్నానం చేసి రావచ్చు."

"తగిలిందా, స్నానం చేయించడానికి వేరేవాళ్లు రావాలి!"

మడతలు పెట్టే ముసలమ్మ తల ఎత్తకుండానే, "ఆ ఇద్దర్నీ తెచ్చి నా ముందు పడేయండి, ఉతికి ఆరేస్తాను, పీడ వదులుతుంది" అనేది.

మాట వేడెక్కితే మరిది బొగ్గు నాలుగు పారలు ఎక్కువ వేసేవాడు. పైపు గుర్రుమనేది. వదిన చేతిలో ఇస్త్రీపెట్టె బుస్సుమని, తెల్లటి మబ్బు ఒకటి దుప్పటి మీద వాలి, ఎగిరిపోయేది. మరిది మనసులో ఏముందో అతని మొహం కన్నా ముందు ఆ మబ్బే చెప్పేది ఆమెకి.

అసలు దర్జీ ఆమె మనిషి కాదు. ఆమె భర్త మనిషి. అన్నదమ్ములిద్దరూ ఆదివారమంతా పోట్లాడుకుని, సాయంత్రం ఒకే తువ్వాలుతో మొహాలు తుడుచుకునేవాళ్లు. అన్న పోయాక తమ్ముడికి మాట పోయింది. పెళ్లా చేసుకోలేదు, అన్న తప్ప మరో స్నేహితుడా లేడు. పొద్దున్నే వచ్చి బాయిలర్ వెలిగించి, మంటకేసి చూస్తూ కూర్చునేవాడు. తెచ్చుకున్న అన్నం గిన్నె మూత తీయకుండానే ఇంటికి మోసుకుపోయేవాడు. పైపులో ఆవిరి ఎక్కువా కాదు, తక్కువా కాదు. నిద్రపోతున్నవాడి ఊపిరిలా ఒక్కతీరుగా వచ్చేది.

అలా ఎన్నాళ్లో చూసి, చూడలేక, ఒకనాడు వదిన కన్నం దగ్గర మూతి పెట్టి భర్త మాటనే అప్పు తెచ్చుకుంది. అప్పటికి ఆమెకి బాక్సింగులో ఓనమాలు కూడా రావు.

"మీ సమ్మెట ఒట్టి మొద్దు."

అటునుంచి, తుప్పు పట్టిన కుళాయి తిప్పినట్టు, "ఎవడు మొద్దు?" అని వచ్చింది. ఆ పూట గిన్నె ఖాళీ అయింది. అప్పట్నుంచీ వదిన పత్రికల్లో ఆటల పేజీ చదవడం నేర్చుకుంది.

అందుకే దర్జీ, సమ్మెట తలపడుతున్నారని గోడల మీద పోస్టరు పడ్డ రోజున ఊరంతా గంతులేస్తే, వదినకి మాత్రం గుండె జారింది. ఎవడో ఒకడు గెలుస్తాడు. తగవు తీరిపోతుంది. తీరిపోయాక కన్నంలోంచి ఏం మాట్లాడాలి?

ఆదివారం మధ్యాహ్నం లాండ్రీ ముందుగదిలో అందరూ టీవీ ముందు చేరారు. అయిదో రౌండులో దర్జీ ఎడమచెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ కనబడలేదు. సమ్మెట ఒక మోకాలి మీద కూర్చున్నాడు, జారిపోయిన గుండీ వెతుక్కుంటున్నవాడిలా. ఇక లేవలేదు.

మరిది లేచాడు. "బాగా కొట్టాడు. అన్నయ్యుంటే నన్ను బతకనిచ్చేవాడు కాదు" అని నవ్వబోయి, నవ్వు కుదరక వెళ్లిపోయాడు.

మర్నాడు ఆవిరి ఒక్కతీరుగా వచ్చింది. ఆ తర్వాతి రోజూ అంతే. భోజనాల వేళ గిన్నె మూత చప్పుడు లేదు. వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. గెలిచిన పక్షం ఆయనది. దాన్ని వదిలితే ఆయన చేతినే వదిలినట్టనిపించింది ఒక్క క్షణం. "ఏమీ అనుకోకు, నీ తమ్ముడి కోసమే" అని లోలోపలే చెప్పుకుని, కన్నం దగ్గరికి వెళ్లింది.

"మరిదీ! మొన్న ఓడింది సమ్మెట కాదు."

వదిన కన్నానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"పోటీకి ముందు తూకం వేసినప్పుడు టీవీలో చూడలేదూ? బరువు తగ్గాలని ఒంట్లో నీళ్లన్నీ పిండేసుకున్నాడు. పెదాలు పగిలి, చెంపలు పీక్కుపోయి, మనం ఆరబెట్టే గదిలో మర్చిపోయిన చొక్కాలా ఉన్నాడు. ఎండుచొక్కాని కొట్టడం గొప్పా? కడుపు నిండా నీళ్లు తాగినవాడితో తలపడమను మీ దర్జీని!"

బొగ్గుపార ఠంగుమని కింద పడింది.

"సాకులు చెప్పకు వదినా. ఇద్దరికీ తూకం ఒకటే."

"వాడు పుట్టడమే పుల్లలా పుట్టాడు. వాడికేం నొప్పి?"

"పుల్లా? సమ్మెట చేతికి అయిదు రౌండ్లు అందకుండా తిరగడం అంటే మాటలనుకున్నావా? ఆ ఎడమచెయ్యి చూశావా అసలు? అన్నయ్య మొత్తుకుంటూనే ఉన్నాడు, నేనే గుడ్డివాణ్ణి!"

"ఇప్పుడు మాత్రం కళ్లొచ్చాయా? సమ్మెట పెదాలు కనబడలేదుగా!"

"నాకా కనబడనిది!"

ముసలమ్మ చేతిలో మడత ఆగిపోయింది. "మీ దుంపలు తెగ! పక్షాలు మార్చుకున్నారట్రా ఇద్దరూ?"

ఎవరూ వినిపించుకోలేదు. పైపు గుర్రుమంది. వదలిపెట్టిన ఇస్త్రీపెట్టె తనంతట తానే బుస్సుమని, ఆస్పత్రి దుప్పటి మీద ఓ పెద్ద మబ్బుని వదిలింది. గోడకి అవతల గిన్నె మూత తీసిన చప్పుడైంది. నోట్లో ముద్ద ఉండగానే మరిది దర్జీ తరఫున అరుస్తున్నాడు.