బావ గోడకు అతికించిన గాజు

గత వారం మా అపార్ట్‌మెంట్ పక్క స్థలంలో పునాదులకు తవ్వకం మొదలుపెట్టారు. యంత్రం మట్టిలోకి పళ్ళు దించినప్పుడల్లా బల్లమీది కాఫీ గ్లాసులో చిన్న వణుకు పుడుతోంది. మా ఇంట్లో ఎవరికీ అది పట్టలేదు. నేను మాత్రం లేచి తలుపులన్నీ ఒక్కొక్కటే మూసి, తెరిచి చూశాను. ఈ అలవాటు నాకు మా బావ నుంచి వచ్చింది.

బావ అంటే మా అక్క భర్త, సివిల్ ఇంజనీరు. ఉద్యోగానికని బెంగళూరు వచ్చి, పెళ్ళయ్యేదాకా నేను నగర శివారు హూడిలో వాళ్ళింట్లోనే ఉన్నాను. తొంభైల్లో, చుట్టూ ఇంకా రాగి చేలు ఉన్న రోజుల్లో, ఆయన దగ్గరుండి కట్టించుకున్న ఇల్లది. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడమీద వేలి కణుపులతో తట్టి చూసే మనిషి. నాకొచ్చిన సంబంధం చూడ్డానికి వెళ్ళొచ్చి, పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడని అడిగితే "స్లాబు బాగా వేశారు" అన్నారు. అక్కకి ఒళ్ళు మండిపోయింది గానీ, చివరికి ఆ సంబంధమే కుదిరింది. పొద్దున్నే కూతురికి రెండు జడలు వేసేది ఆయనే. పాపిడి దారం పట్టి గీసినంత తిన్నగా రావాల్సిందే. బడి బస్సు హారను కొడుతున్నా సరే, వంకరొస్తే విప్పి మళ్ళీ తీసేవారు.

రెండువేల సంవత్సరం దాటాక మా పక్క స్థలంలో తవ్వడం మొదలైంది. సెల్లారు కోసమని మా ప్రహరీని ఆనుకుని మట్టిని నిట్టనిలువుగా కోసేశారు. దానికి ఆసరాగా ఏమీ కట్టలేదు. ఆ గొయ్యి అంచునే, రోడ్డు వైపు, కూలీల రేకుల షెడ్లు. ఇంతలో వానలు పట్టుకున్నాయి. ముందుగా మా వంటింటి తలుపు బిగుసుకుంది. వానకు చెక్క ఉబ్బిందంది అక్క. బావ ద్వారబంధం చుట్టూ గోడ తట్టి చూశారు. ఆ సాయంత్రం వంటింటి గోడమీద వెంట్రుకంత పగులు కనిపెట్టి, దానికి అడ్డంగా సన్నటి గాజుపట్టీ పెట్టి, రెండు కొసలూ ప్లాస్టరుతో అతికించారు. అద్దమేమోనని పాప అందులో ముఖం చూసుకోబోయింది. "గోడ కదిలితే ఇది చెబుతుంది తల్లీ," అన్నారు. ఆనాటి నుంచి అన్నం వారుస్తున్నా, పాలు కాస్తున్నా మా కళ్ళు ఆ గాజు మీదే. గొయ్యిలోంచి నీళ్ళు తోడే పంపు మోగితే భయం, ఆగితే ఇంకా భయం.

కాంట్రాక్టరు తాతల నాటి నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాడు. బావ వెళ్ళి చెబితే, "ఈ మట్టి గట్టిగా ఉండాది సార్. మీరు సుమ్నే, ఊరికే టెన్షన్ తీసుకుంటా ఉండారు," అంటూ టీ తెప్పించాడు. మున్సిపల్ ఆఫీసులో ఫిర్యాదు చేస్తే వచ్చి చూస్తామన్నారు. రాలేదు.

ఒక ఉదయం గాజు రెండు ముక్కలై ఉంది. బావ అది చూసి, పాపను బడికి పంపొద్దని, బట్టలు సర్దమని అక్కతో అన్నారు.

"సొంతిల్లు లాక్ చేసి ఒకరింటికి పోతామా? అందరూ నవ్వుతారండీ," అంది అక్క.

"నవ్వనీ. ఎవరెవరి గోడలకో గట్టివని సంతకం పెడుతుంటాను. ఈ మట్టికి మాత్రం పెట్టలేను."

మమ్మల్ని వర్తూరులో స్నేహితుడింట్లో దించి ఆయన మళ్ళీ హూడికే బయల్దేరారు. అక్క మనసాగక నన్ను తోడు పంపింది. ఆయన నేరుగా షెడ్ల దగ్గరికి వెళ్ళి అందర్నీ ఖాళీ చేయమన్నారు. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

"యాడికి పొమ్మంటావప్పా? ఈడ నీళ్ళుండాయి. మేస్త్రీకి కోపమొస్తే పనిలోంచి తీసేస్తాడు."

"మేస్త్రీతో నేను మాట్లాడతానమ్మా. ముందు లే," అంటూ ఆయన ఉడుకుతున్న అన్నం గిన్నెను గుడ్డతో పట్టుకుని రోడ్డు దాటి, ఎదుటి ఖాళీ స్థలంలో పెట్టారు. గిన్నె వెనక ఆవిడ, ఆవిడ వెనక మిగిలినవాళ్ళు, చంటిపిల్లల్ని చంకనేసుకుని తిట్టుకుంటూ కదిలారు. కాంట్రాక్టరు వచ్చి పోలీసుల్ని పిలుస్తానని కేకలేశాడు. బావ వానలో తడుస్తూ టార్పాలిన్ తాళ్ళు కడుతూనే ఉన్నారు.

మర్నాడు మధ్యాహ్నం మట్టి జారింది. పెద్ద చప్పుడేమీ కాలేదట, లారీ ఇసుక దింపినట్టుందన్నారు చూసినవాళ్ళు. షెడ్ల వరసంతా, మా ప్రహరీ, వంటిల్లు గొయ్యిలోకి వెళ్ళిపోయాయి. మనుషులెవరూ పోలేదు. కబురు విని వచ్చిన అక్క, మిగిలిన హాలు వైపు చూస్తూ రోడ్డు మీదే కూర్చుని ఏడ్చింది. బావ మాత్రం షెడ్లు ఉండిన చోటునే చూస్తున్నారు. పెద్దావిడ వచ్చి ఆయన చేయి పట్టుకుని, గొయ్యి అంచు నుంచి వెనక్కి లాగింది.

ఆ ఇల్లు మళ్ళీ కట్టలేదు. తరవాత ఉన్నవన్నీ అద్దె ఇళ్ళే. వాన మొదలైతే బావ లేచి, పాప పడుకున్న గది గోడల్ని అరచేత్తో తడిమి వచ్చేవారు. పాప కాలేజీలో చేరిన ఏడాదే గుండె ఆగి పోయారు.

ఆ రోజు చంకనెక్కి రోడ్డు దాటిన చంటిపిల్లలకు ఇప్పుడు పిల్లలు పుట్టి ఉంటారు. వాళ్ళలో ఎవరికీ బావ గుర్తుండరు, తమకు ఏం తప్పిందో కూడా తెలియదు. జరిగినవాటితోనే మనం ఏళ్ళను గుర్తుపెట్టుకుంటాం. జరగకుండా ఎవరో ఆపినందువల్ల మన చేతికొచ్చిన ఏళ్ళు మాత్రం మామూలు రోజుల్లాగే గడిచిపోతాయి.