ఓర్ఫా ఇంట్లో మందుల అలమర

మా కొండల్లో ఎవరైనా పోతే, ఏడవకముందే మందుల అలమర ఖాళీ చేస్తాం. పరామర్శకని వచ్చి, బాత్రూంలో దూరి, నొప్పి మాత్రలు జేబులో వేసుకుపోయే చుట్టాలు మాకు బోలెడుమంది. సిగ్గులేని జన్మలు!

ఎదురింటి ఓర్ఫా ముసలమ్మ పోయిన రోజు ఆ పని, నన్ను పిన్నీ అని పిలిచే ట్వైలా స్లోన్‌కి అప్పజెప్పింది నేనే.

"నువ్వే చూడవే. ఏది నొప్పి మాత్రో, ఏది బీపీదో నాకేం తెలుసు?"

"నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసులే, గ్లెనా పిన్నీ! డిగ్రీ ఒక్కటే ఇవ్వలేదు" అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "వద్దు పిన్నీ. ప్రొబేషన్‌లో ఉన్నా. ముట్టుకోకూడదు."

"షెరీఫ్ ఆఫీసు ఎంత దూరమే? పాత మందులు వేసే డబ్బా అక్కడుందిగా, అందులో పడేసి రా. ఈలోగా ఏం కొంప మునుగుతుంది?"

సీసాలు చెత్తలో పారేసి, మాత్రలన్నీ ప్లాస్టిక్ సంచిలో పోసి ఆమె చేతిలో పెట్టింది కూడా నేనే.

ట్వైలా వృద్ధాశ్రమంలో మంచంపట్టినవాళ్ళను ఎత్తి ఎత్తి నడుం పోగొట్టుకుంది. డాక్టరు రాసిన మాత్రలే ఆమెను పట్టుకున్నాయి. ఒకసారి కేసై, ఆరేళ్ళ జైలు తలమీద వేలాడదీసి, మళ్ళీ తప్పు చేస్తే లోపలేస్తామని ప్రొబేషన్ మీద వదిలారు. పందొమ్మిది నెలలు మళ్ళీ ముట్టలేదు. రోజూ ఉదయం ఆరింటికి ఒక నంబరుకు ఫోన్ చేసి, ఆ రోజు రంగేమిటో వినేది. ఆమెకిచ్చింది గోధుమ రంగు. ఆ మాట వినబడితే, ఉన్న పని ఉన్నట్టే వదిలేసి వెళ్ళి మూత్రం పరీక్షకు ఇచ్చి రావాలి. ఒక్కనాడూ తప్పలేదు. ఒహాయోలో ఉన్న కొడుకు ఫోనెత్తడు. "పొద్దున్నే నాతో మాట్లాడేది ఆ రికార్డు గొంతొక్కటే పిన్నీ" అనేది.

షెరీఫ్ ఆఫీసుకు పోతుంటే, కారు వెనక లైటు వెలగడం లేదని దారిలో పోలీసులు ఆపారు. సంచిలో ముప్ఫై నాలుగు మాత్రలు, ఎవరివో చెప్పే సీసా ఒక్కటీ లేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు: కొత్తగా డ్రగ్స్ కేసు, పైగా ప్రొబేషన్ తప్పిందని పాత ఆరేళ్ళూ మళ్ళీ లేచి కూర్చున్నాయి.

కోర్టులో బేడీలతో ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను వెనక బెంచీలో ఉన్నాను. కోర్టు ఇచ్చిన ఉచిత వకీలు రైకర్ చంకలో బండెడు ఫైళ్ళతో వచ్చి, ఆమె ముందు వంగాడు. పాపం, ఐదు నిమిషాలే ఉన్నాయి.

"ఆ సంచి ఎవరిచ్చారో చెప్పమ్మా. ఒక్క సాక్షి చాలు, గట్టిగా కొట్లాడతా. లేదంటే నేరం ఒప్పేసుకో, మూడేళ్ళతో పోతుంది."

బడి వంటగదిలో నా ఉద్యోగం. పరాయివాళ్ళ మాత్రలు పంచిపెట్టానని జడ్జి ముందు ఒప్పుకుంటే ఎవరుంచుకుంటారు?

ట్వైలా వెనక్కి తిరగలేదు. "ఎవరూ ఇవ్వలేదు సార్. నేనే తీసుకున్నా."

జడ్జి వచ్చాడు. "నీ తరఫున మాట్లాడేవాళ్ళెవరైనా వచ్చారా?" అని అడిగాడు.

కోర్టు హాల్లో ఆమె మనిషంటూ ఉన్నది నేనొక్కదాన్నే. లేవలేదు. పిరికిముండని, ఒళ్ళోని నా చేతిసంచీ పట్టీ చూస్తూ కూర్చున్నాను.

"ఎవరూ లేరండి" అంది ట్వైలా.

మూడేళ్ళు వేశారు. ఇప్పుడు పొద్దున్నే ఆరింటికి ఆ నంబరుకు నేను ఫోన్ చేస్తున్నాను. నిన్న గోధుమ రంగన్నారు.